సింగ్‌నగర్ వరద, మా వీధి పుస్తకం: ఒక చిన్న సంస్థ అనుభవం

2024 సెప్టెంబరు 1, ఆదివారం. పొద్దున్నే మా ట్యూషన్ సెంటర్ పక్కింటి మామ్మగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, నీళ్ళు ఇంట్లోకొచ్చేశాయి, మంచం కోళ్ళు మునిగిపోయాయి, ఏం చెయ్యమంటావ్?" అన్నారు. పైకి ఎక్కండి మామ్మగారూ, పై వాటా వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోండి అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. ముందురోజు కురిసిన వాన చూసి, ఎప్పటిలాగే రోడ్డు మీద మోకాలిలోతు నిలిచి సాయంత్రానికి పోతాయిలే అనుకున్నాం. మధ్యాహ్నానికి ఆవిడ ఫోన్ పనిచేయడం మానేసింది.

మాది విజయవాడ అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు పనిచేసే చిన్న సొసైటీ. సాయంత్రాలు పిల్లలకు ట్యూషన్, మధ్యాహ్నాలు ఆడవాళ్ళకు కుట్టు నేర్పడం, పింఛను కాగితాలు సరిచేయించడం లాంటి పనులు. జీతం తీసుకునేవాళ్ళం ముగ్గురం, మిగతా అందరూ ఆ వీధుల్లోనే ఉండే వాలంటీర్లు. కరోనా అప్పుడు బియ్యం, పప్పు పంచాం తప్ప విపత్తులో పనిచేసిన అనుభవం లేదు. అదే వారం ఖమ్మంలో మున్నేరు పొంగి మునిగిన కాలనీల్లో పనిచేసిన మిత్రులు, ఆ తర్వాత ఇంకొన్ని ఊళ్ళవాళ్ళు "మీరు ఏం చేశారు, ఏది పనికొచ్చింది?" అని అడుగుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పడం కంటే మొత్తం ఒకచోట రాద్దామనిపించింది. తప్పులు కూడా రాస్తున్నాను, వాటివల్లే ఎక్కువ నేర్చుకున్నాం కాబట్టి.

ముందు ఆ నీళ్ళు ఎక్కడివో చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్ళు చాలామంది కృష్ణ పొంగి సింగ్‌నగర్ మునిగింది అనుకుంటారు. మమ్మల్ని ముంచింది బుడమేరు. మైలవరం వైపు కొండల్లో పుట్టి కొల్లేరుకి పోయే వాగు. వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ (నీటిని ఆపి వదిలే గేట్లు) ఉంది, అక్కడినుంచి కొంత నీటిని మళ్ళింపు కాలవ ద్వారా ప్రకాశం బ్యారేజికి ఎగువన కృష్ణలో కలుపుతారు. ఆ రెండు రోజులూ కృష్ణే నిండుగా ఉంది. సెప్టెంబరు 2న బ్యారేజి దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, దాని చరిత్రలోనే ఎక్కువ. నది అలా ఉన్నప్పుడు కాలవ నీళ్ళు అందులోకి దిగవు, వెనక్కి తంతాయి. ఇటు కవులూరు, కొండపల్లి శాంతినగర్ వైపు మూడు చోట్ల గట్టుకు గండ్లు పడ్డాయి. ఆర్మీ ఇంజినీర్లు కూడా వచ్చి పనిచేస్తే మూడో గండి పూడేసరికి సెప్టెంబరు 7, వినాయక చవితి. అంటే వారం రోజులు నీళ్ళు వస్తూనే ఉన్నాయి. మామూలు వాన ముంపైతే ఒకటి రెండు రోజులు ఓర్చుకుంటే తీసేస్తుంది, ఇది అలా కాదు అని మాకు అర్థమయ్యేలోపే మూడు రోజులు పోయాయి. 2005లో కూడా బుడమేరు ఊళ్ళోకి వచ్చింది, పెద్దవాళ్ళకు గుర్తుంది. కానీ ఈ ఇరవై ఏళ్ళలో కొత్తగా వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ, వాళ్ళకు ఆ పేరున్న వాగు ఉందనే తెలియదు.

ఫ్లైఓవర్ మీద అన్నం, లోపలి వీధిలో ఆకలి

మొదటి మూడు రోజులూ అందరూ సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గరకే చేరారు. పడవలు దిగేది అక్కడ, ట్రాక్టర్లు ఆగేది అక్కడ, ఊరి నలుమూలల నుంచి ఆహార పొట్లాలు వచ్చి పడేదీ అక్కడే. పులిహోర, సాంబారన్నం, పాల ప్యాకెట్లు, బ్రెడ్డు, నీళ్ళ బాటిళ్ళు. ప్రభుత్వం హెలికాప్టర్లతో, డ్రోన్లతో కూడా పొట్లాలు వేసింది. గుళ్ళ నుంచి, చర్చిల నుంచి, మసీదుల నుంచి, హోటళ్ళ నుంచి, ఎవరికి వారు ఇళ్ళల్లో వండుకుని తెచ్చినవాళ్ళ నుంచి వచ్చినదంతా చూస్తే విజయవాడ మనుషుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది, ఆ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు మిగిలి పాచిపోతుంటే రెండు కిలోమీటర్లు లోపల మేడ మీద ఉన్నవాళ్ళు రెండు పూటలకు ఒక బిస్కెట్ ప్యాకెట్ పంచుకుంటున్నారు. పడవ నడిపేవాళ్ళకు వీధులు తెలియవు. మొదటి నాలుగు వీధుల్లో జనం చేతులు ఊపితే అక్కడే సరుకు అయిపోతుంది. చివరి వీధికి ఎవరూ వెళ్ళరు.

ఇక్కడే మా వీధి పుస్తకం పనికొచ్చింది. అది రూళ్ళ నోటు పుస్తకం. ట్యూషన్ పిల్లల ఇళ్ళు, కుట్టు క్లాసుకొచ్చే ఆడవాళ్ళ ఇళ్ళు, పింఛను కాగితాలు చూసిన ముసలివాళ్ళ ఇళ్ళు, వీధులవారీగా రాసుకున్నది. ఎవరికి షుగరు, ఎవరింట్లో నెలలు నిండిన కోడలు ఉంది, ఎవరు మంచం మీదనే ఉంటారు, ఇవన్నీ పక్కన పెన్సిల్‌తో రాసి ఉండేవి, ఏ ఉద్దేశంతోనూ కాదు, మా వాలంటీరు ఒకమ్మాయికి అలా రాసుకునే అలవాటు. సెంటర్ కింది వాటాలో ఉన్న కంప్యూటరు, కుట్టు మిషన్లు, బీరువా అన్నీ మునిగాయి. ఆ పుస్తకం మాత్రం ఆ అమ్మాయి బ్యాగులో ఉండిపోయింది. ఆదివారం రాత్రి దాన్ని పేజీ పేజీ ఫోన్లో ఫొటో తీసి, ఒక్కో పడవకు ఒక్కో వీధి చొప్పున కాగితం రాసిచ్చాం. కాగితం మీద పేరు, "నీలం గేటు, రెండో మేడ, మామ్మగారికి కాళ్ళు లేవవు, పిలిస్తే పైనుంచి బకెట్టు దింపుతారు" అని రాసి ఉంటుంది. పడవతోపాటు ఆ వీధి కుర్రాడిని ఒకడిని కచ్చితంగా ఎక్కించాం. పడవ నడిపే మత్స్యకారులు వేరే ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, నీళ్ళ కింద ఎక్కడ డివైడర్ ఉందో, ఎక్కడ మ్యాన్‌హోల్ ఉందో వాళ్ళకెలా తెలుస్తుంది? కుర్రాడు ముందు కూర్చుని "అన్నా, ఎడమకి కొట్టు, అక్కడ ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఉంది" అని చెబుతూ వెళ్ళాడు.

మొదటి రోజు మేము చేసిన పెద్ద తప్పు కూడా పడవ దగ్గరే. మనిషికొకటి చొప్పున అన్నం పొట్లాలు పంపాం, నీళ్ళు తక్కువ పంపాం. మంగళవారం ఒక మేడ మీద నుంచి ఒకావిడ "అక్కా, అన్నం వద్దు, తాగడానికి నీళ్ళివ్వండి, తిన్నాక గొంతు ఆరిపోతోంది" అని అరిచింది. ఇంకో సంగతి ఆడవాళ్ళు చెబితేగానీ మాకు తట్టలేదు. డ్రైనేజీ ఎదురుతన్నడంతో బాత్రూములు పనిచేయక, ఒక్కో మేడ మీద నాలుగైదు కుటుంబాలు ఉండటంతో, చీకటి పడేదాకా ఆపుకోవాల్సివచ్చి చాలామంది నీళ్ళు తాగడమే మానేశారు. ఆ తర్వాత పడవల్లో నీళ్ళ డబ్బాలతో పాటు పాత చీరలు, తాళ్ళు పంపాం, మేడ మీద ఒక మూల తెర కట్టుకోవడానికి. శానిటరీ ప్యాడ్లు, వాటిని చుట్టి పెట్టుకోవడానికి నల్ల కవర్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, పవర్ బ్యాంకులు. పవర్ బ్యాంకు మేడకొకటి ఇచ్చి మర్నాడు వెనక్కి తీసుకుని చార్జ్ చేసి మళ్ళీ పంపేవాళ్ళం. పిల్లల దగ్గర నుంచి, తల్లిదండ్రుల దగ్గర నుంచి ఒక్క ఫోన్ వస్తే ఆ మేడ మీద ఉన్నవాళ్ళ ప్రాణం కుదుటపడేది.

ఇన్సులిన్ విషయం కాస్త వివరంగా చెప్పాలి. కరెంటు లేదు, ఫ్రిజ్ లేదు, పుస్తకంలో ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. ఒక డాక్టరుగారు ఫోన్లో చెప్పిన ఉపాయం: కొత్త మట్టి కుండలో తడి ఇసుక పోసి, సీసాను ప్లాస్టిక్ కవరులో కట్టి చిన్న ముంతలో పెట్టి, ఆ ముంతను ఇసుకలో దించి, మీద తడిగుడ్డ కప్పి నీడలో ఉంచమన్నారు. చవితికని కుండలు తెచ్చి అమ్ముతున్నాయన దగ్గర ముంతలు కొన్నాం, ఆయన విషయం విని డబ్బు సగమే తీసుకున్నాడు. డయాలసిస్ మనుషులు ముగ్గురిని మాత్రం ఎక్కడివాళ్ళనక్కడ ఉంచే ప్రశ్నే లేదు, ఎన్డీఆర్ఎఫ్ (జాతీయ విపత్తు సహాయ దళం) వాళ్ళకు ఇంటి గుర్తులు చెప్పి మొదట వాళ్ళనే బయటికి తెప్పించాం. ఫోన్ లైను దొరకక, దొరికినా ఎవరికి చెప్పాలో తెలియక మేము పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఆ పేర్లు పుస్తకంలో ముందే ఉన్నాయి కాబట్టి సోమవారానికల్లా ముగ్గురూ ఆసుపత్రికి చేరారు. లేకపోతే వాళ్ళు ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలిసేది కాదు.

బురద

నీళ్ళు తీశాక దాతలు కూడా తీశారు. అది సహజం, నేను ఎవరినీ తప్పుపట్టను. టీవీలో పడవలు కనిపించినంతకాలం ఫోన్లు మోగాయి. రెండో వారానికి ఫోన్లు ఆగాయి. అసలు పని అప్పుడే మొదలైంది.

ఇంట్లో మడమల లోతు బురద, జిగట, వాసన. ఫైరింజన్లు వచ్చి వీధుల్లో, ఇళ్ళల్లో బురద కొట్టాయి, అది చాలా మేలు చేసింది. కానీ ఫైరింజన్ వచ్చేటప్పటికి ఇంట్లో మనిషి ఉండాలి, మంచాలు బీరువాలు బయటికి లాగి ఉండాలి. ఒంటరి ముసలివాళ్ళ ఇళ్ళల్లో ఎవరు లాగుతారు? మా కుట్టు క్లాసు ఆడవాళ్ళే జట్లుగా వెళ్ళారు. పారలు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడరు, రబ్బరు బూట్లు కొన్నాం. బూట్లు కొనడం అన్నిటికంటే మంచి ఖర్చు అయింది, ఎందుకంటే బురదలో గాజు పెంకులు, మేకులు ఉంటాయి, ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు పుండ్లకు తగిలితే లెప్టోస్పైరోసిస్ వచ్చే ప్రమాదం ఉంది. ఈ జ్వరం గురించి మాకు ముందు తెలియదు, ఆరోగ్య శిబిరంలో డాక్టర్లు చెప్పారు.

పాత బట్టలు. ఇది పంపేవాళ్ళ మంచి మనసుతోనే వస్తుంది, అయినా చెప్పక తప్పదు. మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి, వాటిని విడదీయడానికి నలుగురు వాలంటీర్లు రెండు రోజులు కూర్చున్నారు, సగం పనికిరానివి. వాటిని పారబోయడానికి మళ్ళీ ఆటో ఖర్చు. రెండోసారి ఎవరు అడిగినా "కొత్త నైటీలు, లుంగీలు, లోదుస్తులు, దుప్పట్లు, చాపలు ఇవ్వండి, లేకపోతే మిక్సీ, గ్యాస్ స్టవ్ ఇప్పించండి" అని మొహమాటం లేకుండా చెప్పాం. బియ్యం కూడా అంతే. ప్రభుత్వం ఇచ్చిన 25 కిలోల బియ్యం, పప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళాదుంపల కిట్టు వచ్చాక మేమూ మళ్ళీ బియ్యమే ఇచ్చి ప్రయోజనం లేదు. బియ్యం ఉంది, స్టవ్ బురదలో కూరుకుని బర్నర్ మూసుకుపోయింది. స్టవ్ రిపేరు చేసే ఇద్దరిని పిలిచి వీధిలో బల్ల వేయించి కూర్చోబెట్టాం, స్టవ్‌కింత అని మేము ఇచ్చాం. ఒక కొత్త స్టవ్ ఖరీదుకు చాలా పాత స్టవ్‌లు వెలిగాయి.

కుట్టు మిషన్లు

ఈ భాగం నాకు మనసుకు దగ్గర, అందుకే ఎక్కువ రాస్తున్నాను. మా క్లాసులో నేర్చుకుని ఇళ్ళల్లో కుట్టుకునే ఆడవాళ్ళు చాలామంది. సెప్టెంబరు అంటే దసరా ముందు, ఆర్డర్లు చేతినిండా ఉంటాయి. మిషన్లు మూడు నాలుగు రోజులు నీళ్ళలో ఉండటంతో హెడ్ లోపల అంతా తుప్పు, బాబిన్ కేసు కదలదు, చక్రం తిప్పితే తిరగదు. చాలామంది పాత ఇనుముకు వేసేద్దామనుకున్నారు. వన్‌టౌన్ నుంచి ఒక పెద్దాయనను తీసుకొచ్చాం, మిషన్లు బాగుచేయడంలో నలభై ఏళ్ళ అనుభవం. ఆయన వచ్చి ఒక మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, కొంచెం అటూ ఇటూ కదిపి చూసి, "ఇనుముకు వెయ్యకండమ్మా, ఇది బతుకుతుంది" అన్నాడు. హెడ్ విప్పి విడిభాగాలన్నీ కిరోసిన్ పళ్ళెంలో నానబెట్టించి, పాత టూత్‌బ్రష్‌లతో ఆడవాళ్ళ చేతే తోమించి, ఆరబెట్టి, మిషన్ ఆయిల్ పోసి మళ్ళీ బిగించాడు. సూదులు, బాబిన్లు, బెల్టులు కొత్తవి కొన్నాం. మోటార్లు మాత్రం కాలిపోయినవి కాలిపోయినట్టే, రీవైండింగ్‌కు పంపాం, కొందరు తాత్కాలికంగా కాలితో తొక్కే స్టాండుకు మార్చుకున్నారు.

మిషన్ తిరిగిన రోజు ఒకావిడ ఏడ్చింది. సంతోషంతో అనుకున్నాం. కాదు. ఖాతాదారులు కుట్టమని ఇచ్చిన పట్టు జాకెట్టు ముక్కలు, ఫాల్ వెయ్యడానికిచ్చిన చీరలు ఒక సంచిలో ఉన్నాయి, అవన్నీ బురదలో రంగు కలిసిపోయాయి. "నా సామాను పోతే పోయింది, వాళ్ళ చీరలకు నేనేం జవాబు చెప్పాలక్కా?" అంది. ఏ సహాయ పట్టికలోనూ దీనికి గడి ఉండదు. మా పట్టికలోనూ లేదు. మేము ఆ ఖాతాదారుల ఇళ్ళకు ఆవిడతో కలిసి వెళ్ళాం. కొందరిళ్ళు కూడా మునిగాయి, వాళ్ళు ఆ మాటే ఎత్తనివ్వలేదు. ఊళ్ళో వేరే వైపు ఉన్న ఇద్దరు డబ్బు అడిగారు, అది మేము కొంత, ఆవిడ కొంత ఇచ్చాం. ఆ ఇద్దరిలో ఒకరు తర్వాత మళ్ళీ కుట్టడానికి బట్టలిచ్చారు. నా ఉద్దేశంలో మేము పెట్టిన ఖర్చుల్లో ఆ చీరల డబ్బు అంత సరైనది ఇంకోటి లేదు.

కాగితాలు, అద్దెవాళ్ళు

సెప్టెంబరు మధ్యలో ప్రభుత్వం కింది వాటా మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్ళకు 10,000 ప్రకటించింది. మా వీధుల్లో సగం పైగా అద్దెవాళ్ళే. ఆధార్ మీద సొంతూరి చిరునామా, రేషన్ కార్డు ఇంకోచోట, కరెంటు బిల్లు ఓనరు పేరు మీద. నష్టం లెక్క రాయడానికి అధికారులు వచ్చిన రోజు కొందరు ఊళ్ళో లేరు, బంధువుల ఇంటికి వెళ్ళారు. జాబితా వచ్చాక పేర్లు లేనివాళ్ళు మా దగ్గరికి వచ్చారు. మేము చేసింది చిన్న పని, కానీ ఓపిక కావాల్సిన పని: ఒక్కో కుటుంబానికి ఒక పేజీ, మా పుస్తకంలో పాత తేదీలతో వాళ్ళ పేరు ఉన్న పేజీ నకలు, పిల్లల బడి నుంచి చిరునామా కాగితం, ఓనరు సంతకం, ఇంటి గోడ మీద నీటి గుర్తు ముందు నిలబడి తీసిన ఫొటో. ఇవన్నీ కలిపి అర్జీకి జతచేసి వార్డు సచివాలయానికి వాళ్ళతో కలిసి వెళ్ళాం. ఒక చోట మా అర్జీలు తీసుకోవడానికి రెండు సార్లు తిప్పారు, ఇంకోచోట ఒక కుర్రాడు రాత్రి తొమ్మిది దాకా కూర్చుని ఎంట్రీ చేశాడు. చాలామందికి వచ్చింది, అందరికీ రాలేదు. ఒక ఓనరు సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు, ఆ డబ్బు తనకే రావాలన్నాడు. ఆ కుటుంబానికి మేము ఏమీ చేయలేకపోయాం, ఆ విషయం ఇప్పటికీ బాధగానే ఉంది.

తడిసిన సర్టిఫికెట్లు ఎండలో పెట్టకండి. ఎండకు కాగితం వంకర్లు తిరిగి సిరా పోతుంది. మేము రెండు పాత న్యూస్ పేపర్ల మధ్య పెట్టి నీడలో, ఫ్యాన్ కింద, పేపరు మారుస్తూ ఆరబెట్టాం. మా సెంటర్లో తాడు కట్టి క్లిప్పులతో పదో తరగతి మెమోలు, కుల ధృవీకరణ పత్రాలు, ఒక పెళ్ళి ఫొటో ఆల్బమ్ ఆరేసి ఉన్న ఆ గది నాకింకా కళ్ళ ముందే ఉంది.

డబ్బు

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ళు చాలామంది వెంటనే డబ్బు పంపుతామన్నారు. ఇక్కడ చిన్న సంస్థలు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సంస్థ విదేశీ విరాళం తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, కానీ అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ళు, ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే) కార్డు ఉన్నా సరే, పంపితే వస్తుంది. అందుకే సాయం చేస్తానన్న ప్రతి మనిషినీ "అన్నా, ఏమనుకోకు, నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" అని అడగాల్సివచ్చింది. అడగడానికి చాలా ఇబ్బందిపడ్డాం, కొందరు నొచ్చుకున్నారు. ఇక విదేశీ నిధులున్న పెద్ద సంస్థలు ఆ డబ్బును మాలాంటి వాళ్ళకు ఇవ్వడానికి 2020లో చట్ట సవరణ తర్వాత వీల్లేదు. పెద్ద సంస్థ దగ్గర డబ్బు ఉంది, మా దగ్గర వీధి తెలిసిన మనుషులు ఉన్నారు. దానికి మేము చేసుకున్న ఏర్పాటు ఏమిటంటే వాళ్ళే నేరుగా సరుకు కొని బిల్లు వాళ్ళ పేరు మీదే తీసుకున్నారు, మేము వీధులు చూపించి పంచడంలో వాళ్ళకు తోడున్నాం. డబ్బు మా ఖాతాలోకి రాలేదు. లెక్కలు శుభ్రంగా ఉన్నాయి. స్థానికంగా వచ్చిన విరాళాలకు మాత్రం 2,000 దాటిన నగదుకు 80జీ (విరాళం మీద ఆదాయపు పన్ను) మినహాయింపు రాదని ముందే చెప్పి ఖాతాకే వేయమన్నాం. రోజు ఖర్చు రోజు రాత్రే రాసి వాట్సాప్ గ్రూపులో పెట్టాం, పడవ డీజిలు నుంచి అగ్గిపెట్టెల దాకా.

ఫొటోల గురించి ఒక నియమం పెట్టుకున్నాం: సాయం తీసుకుంటున్న మనిషి ముఖం తీయం. ఒకసారి ఒక దాత కచ్చితంగా కావాలన్నాడు. వరసలో నిలబడ్డ ఒకాయన, ఆటో నడుపుకునే మనిషి, కవరు మా చేతిలో పెట్టేసి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగి ఇచ్చి వచ్చాం. ఆ తర్వాత సరుకు ఫొటో, పడవ ఫొటో, బిల్లు ఫొటో మాత్రమే.

మా మనుషులు

పుస్తకం బ్యాగులో పెట్టుకున్న అమ్మాయి ఇల్లు కూడా మునిగింది. మూడు రోజులు ఆమె ఫ్లైఓవర్ దగ్గరే ఉండి పడవలకు కాగితాలు రాసింది, వాళ్ళమ్మా నాన్నా పై వాటాలో ఉన్నారని మాకు తెలుసు, క్షేమమే కదా అనుకున్నాం. నాలుగో రోజు ఆమె నిలబడ్డచోటే కూలబడిపోయింది. అప్పుడుగానీ ఆమెను ఇంటికి పంపాలని మాకు తోచలేదు. స్థానిక సంస్థ అంటే పనిచేసేవాళ్ళూ బాధితులే, బయటి నుంచి వచ్చిన జట్టులా వాళ్ళకు సాయంత్రం వెళ్ళి పడుకోవడానికి పొడి ఇల్లు ఉండదు. మేము ఆమెకు చేసింది చాలా అన్యాయం. ఇప్పుడు మా నియమం ఇది: వాలంటీరు ఇల్లు మునిగితే మొదటి పడవ వాళ్ళింటికే, మొదటి స్టవ్ వాళ్ళకే, రెండు రోజులు పని చెప్పం. జాబితాలో వాళ్ళ పేరు మొదట రాయడానికి వాళ్ళే సిగ్గుపడతారు, కాబట్టి ఆ పేర్లు రాసేది నేను.

ఇప్పుడు పుస్తకం రెండు కాపీలు. ఒకటి పై వాటాలో, ఒకటి వన్‌టౌన్‌లో మా మెంబరు ఇంట్లో. ఏ అంతస్తు, అద్దె ఇల్లా సొంతమా, రోజూ వేసుకునే మందు ఏమిటి, నీళ్ళొస్తే ఎవరింటి మేడ ఎక్కుతారు అనే నాలుగు గడులు కొత్తగా గీశాం. జూన్‌లో బడులు తెరిచే వారం వీధి వీధీ తిరిగి సరిచూస్తాం. పోయిన జూన్‌లో తిరిగినప్పుడు మామ్మగారు పై వాటాకు మారిపోయారు, కింది గది ఖాళీగా ఉంచి అందులో కట్టెలు, పాత సైకిలు పెట్టుకున్నారు. "నా పేరు పక్కన ఏం రాశావో చదువు" అన్నారు. మోకాళ్ళ నొప్పులు, బీపీ, పైన ఒక్కరే ఉంటారు అని చదివాను. "పక్కింటి తాళం కూడా నా దగ్గరే ఉంటుందని రాయి" అన్నారు. రాసుకున్నాను.